మానం కోసమేనా బట్ట?
దుస్తుల చరిత్ర చెప్పేవాళ్లలో చాలామంది ఒకే వరుస పాటిస్తారు. బట్ట మొదట ఎండావానల నుంచి కాపుదలకు పుట్టిందనీ, సిగ్గు తెలిశాక మానరక్షణకు పనికొచ్చిందనీ, తీరుబడి చిక్కాక అలంకారమైందనీ అంటారు. మన ఉపఖండంలో దొరికిన ఆధారాలు ఈ వరుసకు లొంగవు. మొహెంజోదారో కంచు బొమ్మ ఒంటిమీద నూలుపోగు లేదు గాని ఎడమ చేయి నిండా గాజులున్నాయి. అమరావతి శిల్పాల్లో పెద్దింటి స్త్రీలకు సైతం నడుముకు మొలనూళ్లు, చెవులకు బరువైన కుండలాలు, కాళ్లకు అందెలు కనిపిస్తాయి, పైబట్ట మాత్రం ఉండదు. ఆ కాలంవాళ్లకు సిగ్గు తెలియదనడం తొందరపాటు.

బట్ట చేసిన అసలు పని అంతస్తును చూపించడమని నా అభిప్రాయం. దానికి కేరళ వైపు తిరువాన్కూరు రాజ్యంలో పైబట్ట కోసం సాగిన పోరాటాన్ని మించిన సాక్ష్యం లేదు. దక్షిణ తిరువాన్కూరులో తాటిచెట్లెక్కి బతికే నాడార్ కులపు ఆడవాళ్లు రొమ్ము మీద బట్ట కప్పుకోకూడదన్నది అక్కడి కట్టుబాటు. మిషనరీలు వచ్చి సభ్యత నేర్పాక వాళ్లు తిరగబడ్డారని వాడుకలో ఉన్న కథ. మిషనరీల బడులు, అర్జీలు వాళ్లకు అండగా నిలిచిన మాట నిజమే. కానీ ఉత్తర్వులు వరసగా చదివితే వేరే సంగతి బయటపడుతుంది. 1814లోనే క్రైస్తవం పుచ్చుకున్న నాడార్ స్త్రీలు సిరియన్ క్రైస్తవుల్లాగా కుప్పాయం, అంటే రవికలాంటి చొక్కా, తొడుక్కోవచ్చని అనుమతి వచ్చింది. మానం దాచుకోవడానికి అది చాలు. వాళ్లకు చాలలేదు. పైకులమైన నాయర్ స్త్రీలు వేసుకునే పద్ధతిలోనే పైబట్ట వేసుకుంటామని పట్టుబట్టారు. 1829లో రాణి దాన్ని మళ్లీ నిషేధించింది. 1858 చివర్లో వీధుల్లో ఆడవాళ్ల మీది బట్టలు లాగి చించేదాకా వచ్చింది.

మద్రాసు గవర్నరు ట్రెవెల్యన్ ఒత్తిడి తెచ్చాక 1859 జూలై 26న రాజు ఇచ్చిన ప్రకటన ఈ వివాదానికి గుండెకాయ. నాడార్ స్త్రీలు కుప్పాయం తొడుక్కోవచ్చు, లేదా చేపలుపట్టే ముక్కువ స్త్రీలలాగా ముతక గుడ్డ చుట్టుకోవచ్చు. పైకులాల వాళ్లలాగా మాత్రం కట్టకూడదు. ఒళ్లు కప్పుకోవడానికి రాజు ఒప్పుకున్నాడు, సాటిగా కనిపించడానికి ఒప్పుకోలేదు. అయితే నాయర్ స్త్రీలు కూడా తమకంటే పైవాళ్ల ఎదుట పైబట్ట తీసేవారని మరవకూడదు. అక్కడ ఒళ్లు కప్పుకోకపోవడం అశ్లీలం కాదు, అణకువకు గుర్తు. ఎవరి ఎదుట ఎవరు తీయాలన్నదే గొడవంతా.

మన పల్లెల్లో జరిగిందీ ఇదే. దొర ఎదురైతే పాలేరు భుజం మీది తుండుగుడ్డ తీసి నడుముకు చుట్టుకునేవాడు, చెప్పులు విడిచి చేతపట్టుకునేవాడు. వితంతువుకు గాజులు, బొట్టు, రంగుచీర తీసేసి తల గొరిగించిందీ నలుగురిలో ఆమె స్థానం చూపడానికే. అందుకే 1927 డిసెంబరులో మహారాష్ట్రలోని మహద్‌లో అంబేద్కర్ దళిత స్త్రీలతో మాట్లాడుతూ, కులాన్ని పట్టించే బరువు నగలు మానేసి పైకులాల స్త్రీలలాగా చీర కట్టమని చెప్పాడు. నాడార్ స్త్రీలు పట్టుబట్టిందీ సరిగ్గా దీనికోసమే.

చవక రెడీమేడ్ బట్టలు ఈ గుర్తుల్ని చాలావరకు చెరిపేశాయి. అది చిన్న మేలు కాదు. అంతటితో పని తీరిందని నేననుకోను. మీసం పెంచాడనో, పెళ్లిలో గుర్రమెక్కాడనో దళిత యువకుల్ని కొట్టిన వార్తలు ఇంకా వస్తూనే ఉన్నాయి. కాలేజీ ఆడపిల్లల చున్నీ మీద చెప్పే నీతులకూ సభ్యత అన్న పేరే తగిలిస్తున్నారు. ఒకప్పుడు కప్పుకుంటే నేరం, ఇప్పుడు కప్పుకోకుంటే నేరం. నిర్ణయం మాత్రం కట్టుకునే మనిషిది కాదు.

తిరువాన్కూరు పోరాటం ఉన్న దుస్తుల చరిత్ర పాఠాన్ని 2019లో ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి పుస్తకం నుంచి తీసేసింది. ఆ పాఠం తిరిగి రావాలి. వచ్చినప్పుడు 1859 ప్రకటనను దాని షరతుతో సహా పిల్లల చేత చదివించాలి.