గోడదీపము

సూర్యాపేటకు సమీపముననున్న పిల్లలమర్రిలో కాకతీయ సామంతులగు రేచర్ల రెడ్ల కాలపు శివాలయములు నేటికిని నిలిచియున్నవి. అందు ఎఱకేశ్వరాలయమును 1208వ సంవత్సరమున కట్టించినది ఒక స్త్రీ, ఎఱకసాని. ఆనాటి తెలుగు శాసనములను చదువువారికి అఖండదీపముల నేతికై ఆవులను, గొఱ్ఱెలను దానమిచ్చుట తఱచుగ కానవచ్చును. గర్భగుడి వెలుగునకు ఱాతిపై వ్రాత గలదు. వంటయింటి వెలుగునకు వ్రాసిన శాసనమును మే మింతవఱకు చూడలేదు.

ఇండ్లలోని వెలుగు గోడనే యాశ్రయించెను. మట్టిగోడలో వదలిన దీపపుగూటిలో ఆముదపు ప్రమిద యుండెడిది. మూడువైపుల గోడ గాలి నడ్డగింపగా వెలుగు ముందునకే ప్రసరించును. గూటిపై పేరిన మసిని మినహాయించిన, అది తెలివిగల యేర్పాటే. పిదప గాసునూనె కందిళ్ళు వచ్చెను. హైదరాబాదున హుస్సేనుసాగరు విద్యుత్కేంద్రము 1920లో వెలసినను, మన పల్లెలు పెక్కేండ్లు కందిలి క్రిందనే గడపినవి. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగెను; 1967లో కాలువలకు నీరు వదలిరి. ఎడమకాలువ నీటితో మిర్యాలగూడ ప్రాంతము వరిపొలములకును, బియ్యపుమిల్లులకును ప్రసిద్ధి కెక్కెను. మట్టియిండ్లు డాబాలయ్యెను, గూడు పూడెను, కప్పు నడుమ మూతలేని బల్బు వ్రేలాడెను. ఆ బల్బు కంటిని పొడుచునేగాని పని నగపఱుపదు.

ఈ బాధనే యెఱిగి డెన్మార్కుదేశపు పౌల్ హెన్నింగ్సెన్ 1920ల నడుమ మూడు మూతల దీపమును కల్పించెను. ఏ వైపున కూర్చున్నను బల్బు కంటబడదు, వెలుగు మాత్రము క్రిందికి దిగును. ఫ్రాన్సున సెర్జ్ మూయ్ 1950లలో గోడనుండి చాచిన నల్లని లోహపుచేతులకు, కావలసిన దిక్కునకు త్రిప్పదగు మూతలను తగిలించెను. నేడు వీని పోలికలను అంగళ్ళలో చూచి మురియువారు రూపమునే చూతురు. ఆ రూప మేల వచ్చెనో యడుగరు.

కోదాడలో నేడు కొత్తయిల్లు కట్టు గృహస్థుడు దీపమును కొనకమున్ను దానిని వెలిగింపించి, యెదుట కూర్చుండి, బల్బు కనబడునేమో చూడవలెను. కనబడినచో, దాని వెల యెంతైనను మరల నిచ్చివేయుట మేలు. పిదప, తగిలించు చోటు. మన వంటయిండ్లలో కప్పు దీపము వెనుకనుండగా ఇల్లాలు గోడవైపు తిరిగి తన నీడలోనే కూర తఱుగుచున్నది. చావడిగోడకు జంటదీపము లమర్చి, వంటయింటికి పాతబల్బు నప్పగించు విద్యావంతుల ఇండ్లను మేము చాలనే చూచితిమి. రెండు దీపములు కొనగల వా రొకదానిని ఆమె యెదుటిగోడకు, తలకు కొంచెము పైగా, చేతి కందు మీటతో బిగింపింతురుగాక. ఒకటే కొనగలవారు చావడిని ఆపవచ్చును.