కిటికీ పక్క సీటు, దిగినకాడ నీళ్లు

పాతకాలపు బస్సు ప్రయాణాల గురించి ఈమధ్య చాలామంది మురిపెంగా రాస్తున్నారు. ఎర్రబస్సు, టాపు మీద సామాన్లు, ఎండాకాలం సెలవులు, అమ్మమ్మ ఊరు, దారిలో చెట్టు కింద విప్పుకున్న పులిహోర మూట. ఈ జ్ఞాపకాలు అబద్ధమని నేననను. కానీ ఇవి ఎవరి జ్ఞాపకాలు? సెలవులకు ఊరు పోవాలంటే ముందు బడి ఉండాలి, తర్వాత సెలవుండాలి. బర్రెల కాపుకు, మిరపకాయలు ఏరడానికి పోయే పిల్లకు ఎండాకాలమంటే సెలవు కాదు. అయినా మనవాళ్లూ విహారయాత్రలు చేశారు. ఆ యాత్రల చరిత్ర తెలియాలంటే బండి ఎక్కినకాడ కాదు, దిగినకాడ చూడాలి.

ఈ చరిత్రకు మనకున్న మంచి ఆధారం అంబేద్కర్ 1935-36 ప్రాంతంలో రాసుకున్న ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’. ఆయన బతికున్నప్పుడు అచ్చుకాలేదు, 1990లో పుస్తకంగా వచ్చింది. దీన్ని అందరూ అవమానాల పుస్తకంగానే చదువుతారు. నాకు ఇది ప్రయాణాల పుస్తకంగా కూడా కనిపిస్తుంది. మొదటి ఘటన 1901 నాటిది, అచ్చంగా వేసవి సెలవుల ప్రయాణమే. కరువు పనుల కింద చెరువు తవ్విస్తున్న చోట తండ్రి క్యాషియరు. సెలవులకు రమ్మని పిల్లలకు కబురు పెట్టాడు. కొత్త చొక్కాలు, జరీ టోపీలు, కొత్త బూట్లు తొడుక్కొని పిల్లలు రైలెక్కారు. మసూర్ స్టేషన్లో దిగేదాకా అది పండగ. స్టేషన్ మాస్టరు ఆ బట్టలు చూసి బ్రాహ్మణ పిల్లలనుకున్నాడు, మహార్లమని చెప్పగానే ఆయన ముఖం మారింది. ఎడ్లబండి వాళ్లు ఎవరూ ఎక్కించుకోలేదు. చివరికి ఒకడు రెట్టింపు కిరాయికి ఒప్పుకున్నాడు, అదీ పిల్లలే బండి తోలుకుంటే తాను పక్కన నడుస్తానని. తెచ్చుకున్న తిండి ఉంది, తాగడానికి నీళ్లు లేవు. రాత్రంతా ఆకలితోనే పడుకున్నారు. తండ్రి లెక్కలు రాస్తున్నది చెరువు పనికి, పిల్లలకు దారిలో గుక్కెడు నీళ్లు పుట్టలేదు. వ్యాఖ్యానం అక్కరలేదు.

రెండోది 1934లో జరిగింది. అప్పటికి ఆయన బారిస్టరు, లండన్‌లో రౌండ్ టేబుల్ సమావేశాలకు పోయివచ్చిన మనిషి. ఉద్యమంలోని సహచరులు ఎక్కడికైనా చూడడానికి పోదామన్నారు, ఈయన సరేనన్నాడు. సుమారు ముప్పైమంది బస్సులు, కార్లు మాట్లాడుకొని నాసిక్ నుంచి యేవలా మీదుగా బయలుదేరారు. చూడదలచుకున్నది వేరూల్, అంటే ఎల్లోరాలోని బౌద్ధ గుహలు. యాత్ర సంగతి మాత్రం కావాలనే దాచిపెట్టారు. అంటరాని యాత్రికులకు దారిలో ఎదురయ్యే ఇబ్బందులు తెలిసి, ఆగే ఊళ్లలోని మనవాళ్లకు మాత్రమే కబురు పంపారు. పేరు చెప్పుకోకుండా తిరిగే విహారం ఎంత విహారమో ఆలోచించండి.

దౌలతాబాద్ కోట దగ్గర దిగారు. ఒళ్లంతా దుమ్ము. గేటు బయట నిండుగా ఉన్న చిన్న కొలనులో కొందరు ముఖాలు, కాళ్లు కడుక్కున్నారు. అంతే. ‘ధేడ్లు’ కొలను మైల చేశారని ఒక ముసలాయన అరుస్తూ వచ్చాడు, వెనకాల గుంపు వచ్చింది. అది రంజాన్ నెల, వచ్చినవాళ్లు ముస్లింలు. అంటరానివాడు మతం మార్చుకొని మీలో కలిస్తే అప్పుడు కూడా నీళ్లు ముట్టనివ్వరా అని అంబేద్కర్ అడిగితే జవాబు లేదు. చివరికి కోట చూడనిచ్చారు. ఒకటే షరతు, లోపల ఎక్కడా నీళ్లు ముట్టకూడదు. కాపలాకు తుపాకీ సిపాయిని వెంట పంపారు. మసూర్‌లో బండివాళ్లకు ఎట్లా అంటరానివాళ్లో ఇక్కడ కోటవాళ్లకు అట్లాగే.

ఈ కథ మహారాష్ట్రది కదా, మనకేంటి అనుకోవద్దు. ఆ దౌలతాబాద్ అప్పుడు హైదరాబాద్ సంస్థానంలోది. మహార్లతో పాటు తెలంగాణ మాలలను కూడా అధికార భాషలో ‘ధేడ్’ అనే రాసేవారు. భాగ్యరెడ్డి వర్మ వంటివారు ఏళ్ల తరబడి పోరాడి 1931 జనాభా లెక్కల్లో ‘ఆది హిందువులు’ అని రాయించారు. మూడేళ్లు తిరక్కుండా కోట గేటు దగ్గర పాత మాటే వినపడింది. లెక్కల పుస్తకంలో మారిన పేరు కొలను గట్టు దాకా రాలేదు. ఇదే సంస్థానంలో 1932 జూన్‌లో నిజాం రైల్వే కింద 27 బస్సులు, 166 మంది సిబ్బందితో ప్రభుత్వ బస్సులు మొదలయ్యాయి. తర్వాత కాలంలో మన ఆర్టీసీకి మూలం అవే. 1955 అంటరానితనం నేరాల చట్టం 4వ సెక్షన్‌లో ప్రజా వాహనాలనూ నీళ్ల రేవులనూ సత్రాలనూ కలిపే పెట్టారు. బస్సు మటుకు మనకు దక్కింది. టికెట్టు మీద కులం ఉండదు. నీళ్లకే ఆలస్యమైంది, ఎంత ఆలస్యమో మా ఇంట్లోనే విన్నాను.

1980 ప్రాంతంలో మా అమ్మ ఏడో తరగతి. నల్గొండ జిల్లాలోని ఆ బడి పిల్లల్ని ఆర్టీసీ బస్సులో నాగార్జునసాగర్ తీసుకుపోయింది. మిరపకాయలు ఏరిన డబ్బుల్లోంచి అమ్మమ్మ పది రూపాయలు కట్టింది. మధ్యాహ్నం చెట్టు కింద అన్నాలకు దిగినప్పుడు అందరికీ గ్లాసులిచ్చారు, మా వాడ పిల్లలు ఆరుగురికి మాత్రం దోసిట్లో పోశారు. పరిశోధన కోసం టేప్ పెట్టి నేను ఈ సంగతే మళ్లీ మళ్లీ అడిగాను. ఎవరు పోశారు, ఏమన్నారు, నీకేమనిపించింది. అమ్మకు విసుగొచ్చింది.

“అదొక్కటే రాస్తవా బిడ్డా? నేను కిటికి పక్కన కూసున్న. కోమట్ల పిల్ల నన్ను జరగమంటే జరగలే. లాంచి ఎక్కిన. కొండ మీద కండ్లు మూసుకున్న బొమ్మకు దండం పెట్టిన. గవి రాయవా?”

ఆ బొమ్మ బుద్ధుడిదని అప్పుడు అమ్మకు ఎవరూ చెప్పలేదు. 1954 నుంచి 1960 దాకా ఆ లోయలో తవ్వి తీసినవాటిని మునిగిపోకుండా కొండ మీదికి చేర్చారు. అంబేద్కర్ బృందం ఏ బుద్ధుణ్ణి వెతుక్కుంటూ దుమ్ములో పోయిందో, ఆయన దగ్గరికి మా అమ్మ తెలియకుండానే పోయింది. నేను నీళ్ల దగ్గర ఆగిపోయాను, ఆమె కిటికీ దగ్గర ఉంది. టేపులో సగం నా ప్రశ్నలే ఉన్నాయి. అవి తీసేసి ఆమె చెప్పిన వరసలోనే మళ్లీ రాసుకున్నాను, దోసిలి కూడా ఆమె పెట్టినచోటనే ఉంది.

2024లో అమ్మను మళ్లీ సాగర్ తీసుకుపోయాను. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి ఆమెకు జీరో టికెట్టు, నాకు మాత్రం డబ్బులు. ఎక్కగానే కిటికీ పక్కకు పోయి కూర్చుంది. ఒళ్లో సంచి, సంచిలో ఇంటి నుంచి నింపుకొచ్చిన రెండు లీటర్ల నీళ్ల సీసా. అక్కడ దొరుకుతాయి కదమ్మా, ఈ బరువెందుకు అన్నాను.

“దొరుకుతయి” అంది, సంచి మూతి ఇంకోసారి ముడేసుకుంటూ.