దినచర్య: ఆయుర్వేదపు మొదటి పాఠము

ఆరోగ్యము కొంత మెరుగుపరచుకొందమని తొలిసారి ఆయుర్వేదమువైపు తిరిగిన మనిషి సాధారణముగా అడుగునది ఒక లేహ్యమో, ఒక చూర్ణమో, ఒక తైలమో. అతనికి జబ్బు అంటూ ఏమీ లేదు. ఆకలి మందగించినది, నిద్ర చాలదు, ఒళ్ళు బరువుగా ఉన్నది, అంతే. ఇట్టివానికి ప్రాచీన గ్రంథములు మొట్టమొదట మందు చేతికియ్యలేదు. తెల్లవారుజామున లేచినది మొదలు ఏమేమి చేయవలెనో, ఏ వరుసలో చేయవలెనో చెప్పినవి. దానికే దినచర్య అని పేరు.

గ్రంథముల కూర్పులోనే ఈ సంగతి తెలియును. క్రీ.శ. 7వ శతాబ్ది ప్రాంతమున వెలసిన వాగ్భటుని అష్టాంగహృదయమున ఆరు స్థానములు కలవు. రోగములకు చికిత్స చెప్పునది నాల్గవ స్థానము. మొదటిదైన సూత్రస్థానమున రెండవ అధ్యాయమే దినచర్య, మూడవది ఋతుచర్య, నాల్గవది రోగములు పుట్టకుండ చూచుకొను విధము. అంతకు ప్రాచీనమైన చరకసంహితలో మొదటి నాలుగు అధ్యాయములు ఔషధములకు, తరువాతి నాలుగు స్వస్థునికి కేటాయింపబడినవి. ఆయుర్వేద ప్రయోజనములు రెండని చరకసంహిత చెప్పుచు, ఆరోగ్యవంతుని ఆరోగ్యమును కాపాడుటను ముందుంచి, రోగి బాధను తొలగించుటను తరువాత చెప్పినది. ఇది పండితుల ఊహగా పుస్తకములలోనే ఉండిపోయినదా, జనులు నిజముగా ఆచరించిరా అను సందేహము కలుగవచ్చును. ఒక్క విషయములోనైన దానికి మంచి సాక్షి దొరకినాడు.

ఆ సాక్షి చైనా బౌద్ధ భిక్షువు ఇత్సింగ్. 671లో స్వదేశమునుండి బయలుదేరి, నలందలో చాలకాలము చదివి, 695లో తిరిగి వెళ్ళినాడు. భిక్షువులు ప్రతి ఉదయమును పందుంపుల్ల నమలుటను అతడు కొలతలతో సహా వ్రాసిపెట్టినాడు. పుల్ల పొడవు 8 అంగుళములకు తక్కువ, 12 అంగుళములకు ఎక్కువ కాకూడదు. లావు చిటికెన వ్రేలంత. ఒక కొనను మెల్లగా నమిలి కుంచెవలె చేసి పండ్లు తోమవలెను. ఇచ్చట అంగుళమనగా వ్రేలి వెడల్పు. వాగ్భటుడు చెప్పిన కొలతయు ఇదే: 12 అంగుళముల పొడవు, చిటికెన వ్రేలి కొనంత లావు. తన దేశీయులు దీనిని విల్లో కొమ్మ అనుకొనుట పొరపాటని ఇత్సింగ్ సరిదిద్దినాడు. ఈ పుల్లల మూలముననే భారతదేశమున పంటిపోటు అరుదని కూడ వ్రాసినాడు. ఎనిమిది అంగములుగా ఉన్న వైద్యమును ఇటీవల ఒకరు ఒకే గ్రంథముగా సంగ్రహించినారని అతడు వ్రాసిన మాట వాగ్భటుని గూర్చియే కావచ్చునని కొందరు చరిత్రకారుల ఊహ.

మన ఇండ్లలో పందుంపుల్ల అనగానే వేప జ్ఞప్తికి వచ్చును గాని, వాగ్భటుడు పేరుపెట్టి చెప్పినవి జిల్లేడు, మర్రి, చండ్ర, కానుగ, మద్ది. చేదు పుల్లలలో వేప శ్రేష్ఠమని చెప్పినది సుశ్రుతసంహిత. (జిల్లేడు పాలు కంటబడిన చాల హాని, పేరు ఉన్నదిగదా అని ప్రయత్నింపకుండుట మేలు.) జ్వరము, దగ్గు, వాంతి, నోటిపూత ఉన్నపుడు పుల్ల వేయరాదన్న నిషేధము కూడ అక్కడనే ఉన్నది. పుల్ల చేయు పనిలో ముఖ్యమైనది పండ్లపై పేరుకొను పాచిని రాచి తీయుట. ఆ పని అది బాగుగానే చేయును. పిప్పిపళ్ళను అరికట్టు ఫ్లోరైడు మాత్రము అందులేదు. అది నేటి పంటిముద్దలలో ఉన్నది. అదే ఫ్లోరైడు త్రాగునీటిలో మితిమీరినచో పండ్లను, ఎముకలను చెరచునని మనదేశమున మొదట బయటపడినది 1937లో, నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో.

దినచర్యలో నేటి శరీరశాస్త్రమునకు మిక్కిలి దగ్గరగా వచ్చు భాగము వ్యాయామము. బలముగలవారు, నేయి నూనెలతో కూడిన భోజనము చేయువారు కూడ, చలికాలమునను వసంతమునను తమ శక్తిలో సగము వరకే వ్యాయామము చేయవలెనని వాగ్భటుడు. మిగిలిన కాలములలో ఇంకను తక్కువ. మరి సగము శక్తి అని తెలియుట ఎట్లు? తూచుటకు త్రాసు లేదు. సుశ్రుతసంహిత ఒక గుర్తు చెప్పినది: హృదయమందున్న వాయువు నోటికి వచ్చినపుడు, అనగా నోటితో రొప్పుట మొదలైనపుడు, సగము బలము ఖర్చైనట్లు. నేటి వైద్యులు చెప్పు గుర్తు కూడ ఇంచుమించు ఈ జాతిదే. నడచుచు మాటలాడగలిగి, పాట మాత్రము పాడలేనంత ఆయాసము కలిగిన అది మధ్యస్థ వ్యాయామము. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి వారమునకు 150 నుండి 300 నిమిషముల మధ్యస్థ వ్యాయామమును సిఫారసు చేసినది. రెంటికి ఒక భేదము కలదు. సంస్థ భయము చాలినంత కదలనివారిని గూర్చి. వాగ్భటుని భయము మితిమీరినవారిని గూర్చి. అతి వ్యాయామముచే దప్పి, క్షయము, రక్తస్రావము, దగ్గు, జ్వరము కలుగునని అతడు హెచ్చరించినాడు. పొలము దున్నువారు, కాలినడకన ప్రయాణము చేయువారు ఉన్న లోకమది. కుర్చీలో పది గంటలు కూర్చుండు గుమాస్తాను అతడు చూచియుండడు.

ఇక అభ్యంగము. నిత్యము ఒంటికి నూనె పట్టించవలెనని, తలకు, చెవులకు, అరికాళ్ళకు విశేషముగా పట్టించవలెనని విధి. తరువాత నలుగు, ఆపైన స్నానము. తెలుగిండ్లలో ఇది పండుగనాటి తలంటుగా, పసిబిడ్డ స్నానముగా మిగిలినది. పసిబిడ్డల విషయమున దీనిని శాస్త్రీయముగా పరీక్షించినారు. నెలలు నిండక పుట్టిన శిశువుల చర్మము పలుచన. సూక్ష్మజీవులు దానిగుండనే లోనికి పోగలవు. ఢాకాలోని ఒక ఆసుపత్రిలో అట్టి శిశువులకు పొద్దుతిరుగుడు నూనె మృదువుగా పూసి చూడగా, ఆసుపత్రిలో సోకు అంటురోగములు 41 శాతము తగ్గినవని 2005లో ప్రకటించినారు. అన్ని నూనెలును ఇట్టివి కావు. ఆవనూనె చర్మపు పైపొర కోలుకొనుటను ఆలస్యము చేయునని అంతకుముందే ఎలుకలపై జరిపిన పరీక్షలలో తేలినది. నూనె మంచిదా అని గాక, ఏ నూనె, ఎవరికి అని అడుగవలసి వచ్చినది.

పాశ్చాత్య వైద్యమున పట్టము పొంది, పిమ్మట పండిత డి. గోపాలాచార్యులవద్ద ఆయుర్వేదము నేర్చిన ఆచంట లక్ష్మీపతి (1880–1962) వంటివారు 20వ శతాబ్దిలో ఈ ఆరోగ్య నియమములను తెలుగువారికి మరల జ్ఞాపకము చేసినారు. అయితే పాత పట్టికలో నిలిచినవేగాక నిలువనివియు కలవు. వాటిని దాచుట న్యాయము కాదు.

చరకసంహిత స్వస్థునికి కూడ ధూమపానము విధించినది. ఏలకులు, చందనము, గుగ్గిలము మొదలైనవి నూరి రెల్లుపుల్లకు పూసి, ఎండిన పిమ్మట పుల్లను లాగివేసి, నేయి పూసి వెలిగించవలెను. వత్తి పొడవు 8 అంగుళములు, లావు బొటనవ్రేలంత. పొగ ముక్కుతో పీల్చినను నోటితో పీల్చినను నోటినుండియే వదలవలెను. పొగాకు అప్పటికి ఈ దేశమున లేదు. అది పోర్చుగీసువారి తరువాత వచ్చినది. అయినను కాలిన ఆకుపొగ ఏదైనను ఊపిరితిత్తులకు మేలు చేయదు. ఈ విధిని నేడు పాటింపమనుటకు ఆధారము లేదు.

కాటుక సంగతి ఇంకను చిక్కైనది. ప్రతిదినము కండ్లకు సౌవీరాంజనము పెట్టుకొనవలెనని విధి. అది ఆంటిమొనీ సల్ఫైడు ఖనిజమని పలువురు నిర్ణయించినారు. కాలక్రమమున అంగడిలో సుర్మా పేర అమ్మబడినది తరచుగా సీసపు సల్ఫైడు. చూపునకు రెండును నల్లగా, మెరపుతో ఉండును. బిడ్డ కన్ను నలుపుకొని ఆ వ్రేలు నోటబెట్టుకొనును. సీసము రక్తములో చేరును. మెదడు ఎదుగుదల దెబ్బతినును. ఇట్లు సీసపు విషమునకు గురియైన పిల్లల ఉదంతములు అనేక దేశముల వైద్యపత్రికలలో వెలువడినవి.

లోహములు కంటికే పరిమితము కాలేదు. వాగ్భటుని తరువాతి శతాబ్దములలో రసశాస్త్రము వృద్ధి చెంది పాదరసము, సీసము, తాళకము మందులలో చేరినవి. ఆంధ్రవైద్యులు విశేషముగా వాడిన బసవరాజీయములో రసౌషధములు కొల్లలు. 2004లో అమెరికాలోని బోస్టను ప్రాంతపు అంగళ్ళలో కొన్న 70 ఆయుర్వేద మూలికా మందులను పరీక్షింపగా 14 ఇంటిలో సీసము, పాదరసము లేక ఆర్సెనికు కనబడినవి. 2008లో ఇంటర్నెట్టు ద్వారా కొన్న 193 మందులలోను ఇంచుమించు ఐదవవంతు అట్లే తేలినవి. వాటిలో రసౌషధములే కాదు, మూలికలే అని చీటీ అంటించినవియు ఉన్నవి.

2020లో కోవిడు వ్యాపించినపుడు, ఎన్నడును ఆయుర్వేదమెరుగని కుటుంబములు కూడ రోగనిరోధశక్తికని తిప్పతీగ కషాయము కాచుకొన్నవి. ఆ ఏడు చివరి నాలుగు నెలలలో తిప్పతీగ వాడిన ఆరుగురు కాలేయము చెడి బొంబాయి వైద్యులవద్దకు వచ్చినారని 2021లో ఒక నివేదిక వెలువడినది. కొందరికి అంతకుముందే శరీరము తన కాలేయమునే తాను ఎదిరించు గుణము దాగియుండి, ఈ మందుతో పైకి లేచినదని ఆ వైద్యుల అనుమానము. ఆయుష్ మంత్రిత్వశాఖ ఈ నిర్ణయమును ఒప్పలేదు. వాడినది అసలు తిప్పతీగయే అని ఎట్లు చెప్పగలరని అడిగినది. దాని దగ్గరి బంధువైన టైనోస్పోరా క్రిస్పా అను తీగతో పొరబడుట సులభమట. వివాదము అంతటితో ముగియలేదు. ఇతర నగరముల ఆసుపత్రులనుండి అట్టి ఉదంతములు మరికొన్ని ప్రకటింపబడినవి.

మూలికల పేరును రూపమును గొల్లలు, మేకలకాపరులు, అడవి జనులు ఎరుగుదురని, యోగము తెలిసినవాడే వైద్యుడని చరకసంహిత మొదటి అధ్యాయముననే ఉన్నది. తిప్పతీగ నెరిగిన పల్లెవాడు ఈ రెండింటిని కాడ చూచి వేరుచేయగలడు. క్రిస్పా కాడ నిండ బుడిపెలుండును. తిప్పతీగ కాడపై అంతటి బుడిపెలుండవు. ఎండబెట్టి, దంచి, డబ్బాలో పోసిన పిమ్మట ఆ గుర్తు మిగులదు.