సూరత్: గుమ్మటాలూ, గల్లీలూ, మా లింబాయత్

సూరత్‌లో రిక్షా ఎక్కి ఢిల్లీ గేట్ అనండి. రైల్వే స్టేషన్‌కు దగ్గర్లో ఒక చౌరస్తాలో దింపుతాడు. అక్కడ గేటేమీ ఉండదు. సహారా దర్వాజా అంటే ఫ్లైఓవర్ కింద దింపుతాడు, దర్వాజా ఉండదు. మాన్ దర్వాజా, ఉధ్నా దర్వాజా, మజూరా గేట్, లాల్ దర్వాజా, కతార్‌గామ్ దర్వాజా... అన్నీ జనం నోళ్లలో, సిటీ బస్సు బోర్డుల మీద భద్రంగా ఉన్నాయి. ఒకప్పుడు ఈ ఊరికి రెండు గోడలు. లోపలి గోడ షహర్‌పనా, వెలుపలి గోడ ఆలంపనా. 1664 జనవరిలో శివాజీ సేన వచ్చి ఊరిని దోచుకుపోయాక లోపలి గోడను ఇటుకతో గట్టిగా కట్టించారు. ఊరు దాన్ని దాటి పెరిగితే 18వ శతాబ్ది మొదట్లో వెలుపలి గోడ లేచింది. ఇవాళ్టి రింగ్‌రోడ్డు దాదాపు ఆ వెలుపలి గోడ జాడలోనే సాగుతుంది. చీరల లారీలు గోడ మీద నడుస్తున్నాయన్నమాట.

ఆదివారం పొద్దున్నే ఈ పాత ఊళ్లో కెమెరాలతో తిరగడం మా నలుగురైదుగురికి అలవాటు. అందరం లింబాయత్‌లో ఉండే తెలుగువాళ్లమే. ఒకాయన మున్సిపల్ తెలుగు మీడియం బడిలో పంతులు, ఒకతను లూమ్‌ఖాతా, అంటే మరమగ్గాల కార్ఖానా, నడుపుతాడు, మిగిలినవాళ్లం బట్టల మార్కెట్లో ఉద్యోగాలు. కెమెరా అన్నాను గానీ ఎక్కువమంది చేతుల్లో ఉండేది ఫోనే. మా నియమం ఒకటే: మనిషి కనబడితే ముందు పలకరింపు, తర్వాత ఫోటో. 'కాకా, ఒకటి తీయనా?' అంటే సుర్తీవాళ్లు సాధారణంగా కాదనరు. పైగా చాయ్ తాగించి, వాళ్ల తాతల సంగతులు చెప్పి మరీ పంపుతారు.

బయలుదేరేది చౌక్ బజార్ నుంచి. తాపీ నది ఒడ్డున పోర్చుగీసు వాళ్ల దాడులు ఆపడానికి గుజరాత్ సుల్తాన్ మూడో మహమూద్ కాలంలో ఖుదావంద్ ఖాన్ కట్టించిన కోట అక్కడే ఉంది. 1546కల్లా పూర్తయింది. 1573లో అక్బర్ చేతికి చిక్కింది. ఈమధ్య బాగుచేసి మ్యూజియం పెట్టారు. బాగానే ఉంది గానీ, నన్నడిగితే కోట కంటే దాని పక్కన శనివారం జరిగే సంతే చూడాలి. పాత తాళాలు, ఒంటి చెప్పులు, విరిగిన ఫ్యాన్లు, ఎవరి ఇంట్లోంచో వచ్చిన ఇత్తడి చెంబులు నేల మీద పరిచి అమ్ముతారు. 'శనివారీ' అంటే ఊరందరికీ తెలుసు. అక్కడ చెంబు బేరమాడే ముసలమ్మ ముఖం ముందు ఏ బురుజూ నిలవదు.

కోట దాటి మొగలీసరాకు వస్తే మున్సిపల్ కార్పొరేషన్ ఆఫీసు. నీటి పన్ను కట్టేవాళ్లు, జనన పత్రాల కోసం వచ్చేవాళ్లు తలెత్తి చూడరు గానీ, అది 1644 నాటి సరాయి. షాజహాన్ కాలంలో బాటసారుల కోసం, మక్కా యాత్రికుల కోసం కట్టారు. మొగలుల రాజ్యానికి సూరత్ పెద్ద రేవు. హజ్‌కు పోయే ఓడలు ఇక్కడి నుంచే కదిలేవి, అందుకే నాన్‌పురా దగ్గర ఆ చోటికి మక్కాయి పుల్ అనే పేరు ఇప్పటికీ ఉంది. పెద్ద ఓడలు నది లోపలికి రాలేక సముద్రం మొగన సువాలీ దగ్గర లంగరు వేసేవి, సరుకు చిన్న పడవల్లో ఊళ్లోకి వచ్చేది. 1608లో విలియం హాకిన్స్ 'హెక్టర్' ఓడలో దిగిందీ ఈ తీరానే. అయితే ఇంగ్లీషువాళ్లు వ్యాపారశాల పెట్టుకోవడంలో సూరత్ కంటే మన మచిలీపట్నమే ముందు. అక్కడ 1611, ఇక్కడ ఆ తర్వాతే. ఈ మాట ఇక్కడి గుజరాతీ మిత్రులకు చెబితే మర్యాదగా నవ్వి ఊరుకుంటారు.

ఇంత పాత ఊళ్లో పాత ఇళ్లు ఎందుకింత తక్కువ అని కొత్తగా మాతో వచ్చినవాళ్లు అడుగుతారు. 1837 ఏప్రిల్‌లో ఊరంతా తగలబడింది. కర్ర ఇళ్లు, ఇరుకు సందులు. 9 వేలకు పైగా ఇళ్లు బూడిదయ్యాయి. అది చాలదన్నట్టు అదే ఏడు తాపీ పొంగింది. ఆ తర్వాత కట్టినవి గోపీపురా, నానావట్ సందుల్లో కొన్ని మిగిలాయి. చెక్కడపు కర్ర స్తంభాలు, రంగు అద్దాల కిటికీలు, వీధి వైపు ఎత్తైన ఓట్లాలు, అంటే మన అరుగులు. ఉదయం ఎండ ఏటవాలుగా పడే గంట సేపే అక్కడ ఫోటోకు మంచి వేళ. తర్వాత స్కూటర్లు అరుగులను మింగేస్తాయి. ఆకలేస్తే ఏ మలుపు తిరిగినా వేడి లోచో. ఖమన్ పిండే, సరిగ్గా గట్టిపడనివ్వకుండా దించి, పైన నూనె, సేవ్, ఉల్లిపాయ వేసిస్తారు. నిలబడే తినాలి.

భాగల్ దాటితే ఊరు వేగం పుంజుకుంటుంది. చౌటా బజార్ సందు ఎంత ఇరుకంటే ఫోటో తీయాలని ఆగినవాడు వెనకున్న పదిమందిని ఆపినట్టే. గాజులు, ఓఢ్నీలు, లేసులు. కొనేవాళ్లు ఆడవాళ్లే, తిట్లు తినేది మేము. డబ్గర్‌వాడ్‌లో మామూలు రోజుల్లో డోళ్లు, తబలాలు. జనవరి వచ్చిందంటే అంతా పతంగులూ మాంజానే. రోడ్డు పక్కన గుంజలు పాతి, దారాలకు గులాబీ రంగు పూస్తూ అటూ ఇటూ నడిచే మనుషులను చూస్తే, తానా, అంటే పడుగు, సాగదీసి సరిచేసే మా నేతగాళ్లే గుర్తొస్తారు నాకు.

మహీధర్‌పురా హీరా బజార్‌ది వేరే లోకం. పనిరోజు మధ్యాహ్నం వెళ్లాలి. కోట్ల సరుకు కాగితం పొట్లాల్లో చేతులు మారుతుంది, అదీ స్కూటర్ సీటు మీద, షాపు మెట్ల మీద. ఒకడు చిమ్టాతో రాయిని పట్టి వెలుతురు వైపు తిప్పుతాడు, ఇంకొకడు కంటి అద్దం పెట్టి చూస్తాడు, ధర పెదవులు కదలకుండానే తేలిపోతుంది. కెమెరా పైకెత్తితే మాత్రం పది చేతులు అడ్డొస్తాయి. వాళ్ల భయం న్యాయమే. అందుకే అక్కడ మేము చేతులను తీస్తాం, ముఖాలను తీయం.

లోకంలో అమ్ముడుపోయే వజ్రాల్లో పదింట తొమ్మిది ఈ ఊళ్లో సానపట్టినవేనని వ్యాపారులు చెప్పుకుంటారు. కానీ నన్ను ఆపేది పాత సంగతి. 17వ శతాబ్దిలో ఫ్రెంచి నగల వ్యాపారి తావర్నియే సూరత్‌లో దిగి, ఇక్కడి నుంచి గోల్కొండకు దారి ఎలా పోవాలో మజిలీలతో సహా రాసిపెట్టాడు. అప్పుడు వజ్రాలు మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికేవి, వాటిని వెతుక్కుంటూ సూరత్ నుంచి మనుషులు పోయేవాళ్లు. ఇప్పుడు రాళ్లు దేశదేశాల నుంచి సూరత్‌కే వస్తున్నాయి. మనవాళ్లూ ఇక్కడికే వచ్చారు, కాకపోతే వజ్రాలకు కాదు, మగ్గాలకు. 2023 డిసెంబరులో ఖజోద్‌లో 4 వేలకు పైగా ఆఫీసులతో డైమండ్ బోర్స్ ప్రారంభమైంది. దేశమంతా దాని ఫోటోలు చూసింది. మహీధర్‌పురా స్కూటర్ సీటు మాత్రం ఇంకా ఖాళీ కాలేదు.

కతార్‌గామ్ దర్వాజా దగ్గర ఇంగ్లీషువాళ్ల సమాధులు, కొంచెం అవతల డచ్చివాళ్లవి, ఆర్మేనియన్లవి. సమాధులంటే రాతిపలకలు అనుకునేరు. రెండంతస్తుల గుమ్మటాలు! నవాబుల గోరీలకు తీసిపోకుండా కట్టుకున్నారు, బతికినప్పటి పోటీ చచ్చాక కూడా. 1664లో శివాజీ సేన వచ్చినప్పుడు ఇంగ్లీషు కోఠీని కాచిన జార్జ్ ఆక్సెండన్ 1669లో పోయాడు. అంతకు పదేళ్ల ముందు పోయిన తమ్ముడు క్రిస్టఫర్‌తో కలిపి ఒకే గుమ్మటం కింద ఉన్నాడు. డచ్చివాళ్ల వైపు అన్నిటికంటే ఆడంబరమైనది వాన్ రీడ్‌ది. మలబారు మొక్కల మీద 12 సంపుటాల 'హోర్తుస్ మలబారికుస్' వెలువరింపజేసిన మనిషి, 1691లో సూరత్‌కు వస్తూ సముద్రం మీదే కన్నుమూశాడు. ఈ కట్టడాలు ఇప్పుడు పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. చుట్టూ అపార్ట్‌మెంట్లు, గుమ్మటాల నీడలో పిల్లల క్రికెట్.

అక్కడ నిలబడినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. ఈ గుమ్మటాల కిందివాళ్లు ఈ ఊళ్లో ఉన్నది కొన్నేళ్లు. వాళ్ల పేర్లు, తేదీలు రాతి మీద ఉన్నాయి, మూడున్నర శతాబ్దాల తర్వాత నేను వాటిని చదవగలుగుతున్నాను. రెండు మూడు తరాలుగా ఇక్కడ బట్ట నేస్తున్న మావాళ్ల పేర్లు ఏ రాతి మీద ఉన్నాయి?

మా సంగతి చెప్పుకోవాలంటే మళ్లీ రింగ్‌రోడ్డు ఎక్కాలి. ఆదివారం టెక్స్‌టైల్ మార్కెట్ల షట్టర్లు దించి ఉంటాయి. మామూలు రోజైతే మూటలు మోసేవాళ్ల మధ్య ఊపిరాడదు. విజయవాడ వస్త్రలతలోనో హైదరాబాద్ మదీనా దగ్గరో మీరు కొనే ప్రింటెడ్ చీరల్లో చాలావరకు ఇక్కడ మూట కట్టినవే. ఆ చీరలకు మూలమైన గ్రే బట్ట, అంటే రంగు పడని ముడి బట్ట, నేసేది రింగ్‌రోడ్డు దాటాక, ఉధ్నా, లింబాయత్, ఆ చుట్టుపక్కల లూమ్‌ఖాతాల్లో. కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు చేమగ్గం కూడు పెట్టలేని రోజులొచ్చాక పద్మశాలీలు కొందరు షోలాపూర్, కొందరు భివండీ, కొందరు సూరత్ పట్టారు. మా నాన్న సిరిసిల్ల వైపు నుంచి అలా వచ్చినవాడే. వరంగల్ మీదుగా వచ్చే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ మా వీధిలో అందరికీ చుట్టం లాంటిది. ఇవాళ లింబాయత్, దిండోలి, గోడాదరా, పర్వత్‌గామ్ గల్లీల్లో తెలుగు బోర్డులున్నాయి, మార్కండేయుడి గుడి ఉంది, బతుకమ్మ ఉంది. సూరత్ మున్సిపల్ బడుల్లో గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషులతో పాటు తెలుగు కూడా ఒక మాధ్యమం.

ఈ ఊరు ఇప్పుడున్న రూపానికి రావడంలో ఒక తెలుగు పేరు కూడా ఉంది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయం లేచి లక్షలమంది ఊరొదిలి పారిపోయారు. మరుసటి ఏడు మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు, ఇక్కడివాళ్లకు ఎస్.ఆర్.రావు, చెత్త ఎత్తించి, ఆక్రమణలు కూల్చి, రోడ్లు వెడల్పు చేయించారు. దేశంలోని మురికి ఊళ్లలో లెక్కపెట్టిన సూరత్ రెండేళ్లలో శుభ్రమైన ఊళ్ల జాబితాకెక్కింది. ఆ వెడల్పులో పాత సందులు కొన్ని మాయమయ్యాయి. ఫోటోలు తీసే నాకు కొంచెం బాధే, ఇక్కడ పిల్లలను పెంచే నాకు మాత్రం లేదు.

2006 ఆగస్టు వరద మా చరిత్ర మీద పెద్ద దెబ్బ. ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీళ్లు ఊరిలో చాలా భాగాన్ని ముంచాయి. మగ్గాలు తుడిచి మళ్లీ నడిపించారు. గోడలకు సున్నం వేశారు. ట్రంకు పెట్టెల అడుగున తడిసి ఒకదానికొకటి అంటుకుపోయిన పెళ్లి ఫోటోలు, ఖాతా ముందు కారిగర్లందరూ కలిసి దిగిన ఫోటోలు మాత్రం చెత్తబండి ఎక్కాయి. గోడలూ గుమ్మటాలూ కట్టుకోనివాళ్లకు ఉన్న రికార్డు ఆ ఫోటోలే.

అందుకే ఈమధ్య మా నడక దారి మార్చాం. నెలకోసారి చౌక్ బజార్ మానేసి మా గల్లీల్లోనే తిరుగుతున్నాం. లూమ్ మోత మధ్య బాబిన్ మార్చే చేతులు, టాకా (బట్ట తాను) మడతపెట్టే పిల్లాడు, మూతబడ్డ ఖాతా తలుపు మీద ఇంకా చెరగని తెలుగు అక్షరాలు... ఇవీ సూరత్ చరిత్రేనని మాలో మేము అనుకుంటే చాలదు, బొమ్మా పేరూ తేదీ ఉండాలి. మగ్గాల చప్పుడు కూడా మారుతోంది. పాత షటిల్ లూములు తుక్కుకు పోయి, వాటర్‌జెట్, ర్యాపియర్ మగ్గాలు వస్తున్నాయి. ఇంకో పదేళ్లకు మా నాన్న నడిపిన మగ్గం ఎలా ఉండేదో చూపించడానికి ఇక్కడ ఒక్కటీ మిగలకపోవచ్చు.

సూరత్ తెలుగువాళ్లకు నా మనవి ఇదే. బతుకమ్మకు ఇల్లు దులిపేటప్పుడు పెట్టెల్లో ఉన్న పాత ఫోటోలు బయటికి తీయండి. అందులో ఎవరెవరున్నారో ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడగండి. ప్రతి ఫోటో వెనక పెన్సిల్‌తో మనిషి పేరు, సొంతూరు, గల్లీ పేరు, సంవత్సరం రాసి, నేల మీద కాకుండా అటక మీద పెట్టండి.