ఐసు లేని ఐసింగ్

కేకు పైపూతకు వాడుకలో ఉన్న 'ఐసింగ్' అనే మాట ఇంగ్లీషులో మంచుగడ్డను తెలిపే 'ఐస్' నుండి పుట్టినదే అయినా, ఆ పూతకు చల్లదనంతో సంబంధం లేదు. గిలకొట్టిన కోడిగుడ్డు తెల్లసొనలో మెత్తని పంచదార పొడి కలిపి, కాలిన కేకు మీద పరచి ఆరనిస్తే, నీటిపై పేరుకున్న మంచు వలె తెల్లగా, గట్టిగా నిగనిగలాడే పెచ్చు ఏర్పడడమే ఈ పేరుకు ఆధారం. 1769లో ఇంగ్లండులో ఎలిజబెత్ రాఫాల్డ్ వెలువరించిన వంటల గ్రంథంలో పెళ్లి కేకుకు ముందు బాదం పూతను, దానిపై పంచదార పూతను పట్టించే విధానం కనిపిస్తుంది. అమెరికన్లు వాడే 'ఫ్రాస్టింగ్' కూడా మంచు పోలికే, కాకపోతే అది తెల్లవారుజామున గడ్డిపై పేరే నూగుమంచు. తెలుగునాట ఇళ్లలో కేకులు చేసేవారు, మురుకుల గొట్టం నుండి చుట్లు దింపినంత నేర్పుగా, మొనకు నాజిల్ తొడిగిన సంచిని పిండుతూ గులాబీలు దింపేది చాలావరకు గిలకొట్టిన క్రీముతోనే అయినా, దానినీ ఐసింగ్ అనే అంటారు. బేకరీల్లో మాత్రం ఈ క్రీము కేకుకు 'కూల్ కేకు' అన్న పేరు స్థిరపడింది. వేడికి జారిపోయే ఆ పూతను ఫ్రిజ్‌లోనే ఉంచి అమ్మవలసి రావడం అందుకు కారణం.