సుదూర గ్రహాలకు బాట వేసిన తరాలు

గురు, శని గ్రహాలనూ వాటి ఆవలి లోకాలనూ చూసి వచ్చిన వ్యోమనౌకల ప్రస్తావన రాగానే మన కళ్ల ముందు మెదిలేవి ఛాయాచిత్రాలు: శని వలయాలు, గురు ఉపగ్రహం అయో మీద ఎగసిన అగ్నిపర్వతం, ప్లూటో మీది తెల్లని మంచు మైదానం. ఆ చిత్రాలకు దక్కిన కీర్తిలో పదోవంతు కూడా వాటి వెనుక జరిగిన సన్నాహానికి దక్కలేదు. నిజానికి ఈ యాత్రల్లో పెద్ద భాగం నేల మీదే గడుస్తుంది. గెలీలియో నౌకకు అమెరికా కాంగ్రెస్ ఆమోదం లభించింది 1977లో; అది ఆకాశానికి లేచింది 1989లో; గురుగ్రహం చుట్టూ తిరిగింది మాత్రం ఎనిమిదేళ్లకు లోపే. కాబట్టి ఈ అరవై ఏళ్ల చరిత్రను ప్రయోగశాలల వైపు నుంచి ఒకసారి తిరిగి చూడడం న్యాయం.

మొదటి మలుపు లోహంతో కాదు, లెక్కలతో వచ్చింది. ఆనాటి రాకెట్ల బలంతో నెప్ట్యూన్‌కు నేరుగా వెళ్లాలంటే దాదాపు ముప్పై ఏళ్లు. ఒక గ్రహం పక్కగా దూసుకుపోతూ దాని గమనం నుంచి కొంత వేగాన్ని పుచ్చుకోవచ్చని, ఇంధనం ఖర్చు లేకుండానే ముందున్న గ్రహానికి సాగిపోవచ్చని 1961లో మైకేల్ మినోవిచ్ అనే పరిశోధక విద్యార్థి గణించి చూపాడు. నాలుగేళ్ల తర్వాత, కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో గ్యారీ ఫ్లాండ్రో అనే మరో విద్యార్థి గ్రహాల రాబోయే స్థానాలను గీసుకుంటూ ఒక విశేషాన్ని గమనించాడు. 1970ల చివర గురు, శని, యురేనస్, నెప్ట్యూన్‌లు నాలుగూ ఒకే నౌకకు వరుసగా అందేలా అమరుతున్నాయి. అలాంటి అమరిక సుమారు 176 ఏళ్లకోసారి వస్తుంది. అంతకు ముందుసారి వచ్చినప్పుడు నెప్ట్యూన్ అనే గ్రహం ఉన్నదనే సంగతే మనిషికి తెలియదు. దాన్ని కనిపెట్టింది 1846లో.

ఆ అవకాశం కోసం నాసా వేసిన మహాయాత్ర పథకం ఖర్చు భారంతో కూలిపోయింది. 1972లో మిగిలింది గురు, శని గ్రహాలకు మాత్రమే పరిమితమైన రెండు నౌకలు. ఇంజనీర్లు ఆ పరిమితిని కాగితం మీద ఒప్పుకున్నారు గానీ ముందుకు వెళ్లే దారిని మూసెయ్యలేదు. ఈ చరిత్రలో నాకు ఎంతో నచ్చిన ఘట్టం అదే.

అదే ఏడాది మార్చిలో పయొనీర్ 10 బయలుదేరింది. అంగారకుడికీ గురుగ్రహానికీ నడుమ ఉన్న గ్రహశకలాల పట్టీని అంతవరకు ఏ నౌకా దాటలేదు. అక్కడి ధూళి దెబ్బకు నౌక తునకలవుతుందేమోనన్న భయం నిజంగానే ఉండేది. పయొనీర్ క్షేమంగా దాటింది. అసలు ప్రమాదం ఇంకోచోట కాచుకుని ఉంది. 1973 డిసెంబరులో గురుగ్రహాన్ని సమీపించినప్పుడు అక్కడి రేడియేషన్ అనుకున్నదానికంటే ఎంతో తీవ్రమని తేలింది. పరికరాలు తట్టుకోగలిగిన అంచు దాకా వెళ్లి బయటపడ్డాయి. గురు, శని గ్రహాల కోసం మిగిలిన ఆ రెండు నౌకలు, వాయేజర్లు, అప్పటికే నిర్మాణంలో ఉన్నాయి; వాటి బృందాన్ని ఆ కొలతలు కలవరపెట్టాయి. సున్నితమైన భాగాలకు కవచాలు వేశారు, కొన్నింటిని మార్చారు. చివరి రోజుల్లో కేబుళ్ల రక్షణకు బజారులో దొరికే వంటింటి అల్యూమినియం రేకు కొనితెచ్చి చుట్టారు. కోట్ల డాలర్ల నౌకకు అంగడి సరుకు అండగా నిలవడం వింతే అయినా, ఆ చుట్టలు ఇప్పటికీ నక్షత్రాల దారిలో ప్రయాణిస్తున్నాయి.

వాయేజర్ల కోసం సుమారు పది వేల మార్గాలను పరిశీలించి రెండింటిని ఎంచారు. 1977 ఆగస్టు 20న వాయేజర్ 2, సెప్టెంబరు 5న వాయేజర్ 1 ఎగిరాయి. కార్ల్ సేగన్ నాయకత్వంలోని బృందం కూర్చిన బంగారు పూత రికార్డులో 55 భాషల పలకరింపులున్నాయి. వాటిలో తెలుగూ ఒకటి. మన భాష మనిషి వెళ్లగలిగిన దూరాలన్నింటినీ దాటి పోతోందన్నమాట. అయితే సన్నాహం అక్కడితో ఆగలేదు. 1978లోనే వాయేజర్ 2 ప్రధాన రిసీవర్ పాడైంది, బదులుగా ఉన్నదీ సగం పనితనంతోనే మిగిలింది. అయినా శనిని దాటాక దాన్ని యురేనస్ వైపు మళ్లించారు. మసక వెలుతురులో చిత్రాలు చెదరకుండా నౌక ఎలా కదలాలో, సమాచారాన్ని ఎలా కుదించి పంపాలో దారిలో ఉండగానే నేర్పారు. కాలిఫోర్నియా, స్పెయిన్, ఆస్ట్రేలియాల్లోని 64 మీటర్ల అంటెన్నాలను 70 మీటర్లకు పెంచారు. 1989 ఆగస్టులో నెప్ట్యూన్ దగ్గరికి చేరిన వాయేజర్, పన్నెండేళ్ల కిందట నేల వదిలిన వాయేజర్ కంటే నేర్పరి. 1972 నుంచి 2022 వరకు, ఏభై ఏళ్లు ఆ యాత్రకు ప్రధాన శాస్త్రవేత్తగా నిలిచినవాడు ఎడ్ స్టోన్.

గెలీలియోది ఓర్పు కథ. దాన్ని స్పేస్ షటిల్ నుంచి వదలాలని నిర్ణయించడంతో దాని తలరాత షటిల్‌తో ముడిపడింది. 1986 జనవరిలో చాలెంజర్ పేలిపోయాక, ద్రవ హైడ్రోజన్ నింపిన శక్తిమంతమైన పై దశను షటిల్‌లో మోయడం ప్రమాదమని మానేశారు. బలం చాలని రాకెట్‌తో నేరుగా గురుగ్రహానికి పోలేక, శుక్రుడి పక్కగా ఒకసారి, భూమి పక్కగా రెండుసార్లు తిరిగే దారి వెతుక్కోవలసి వచ్చింది. నిరీక్షణలో నౌకను ఫ్లోరిడా నుంచి కాలిఫోర్నియాకు తెచ్చి, మళ్లీ ఫ్లోరిడాకు తీసుకెళ్లారు. గొడుగులా మడిచిన 4.8 మీటర్ల అంటెన్నా ఆ లారీ ప్రయాణాల్లో కీళ్ల దగ్గరి పొడి కందెనను కోల్పోయి ఉంటుందని తరువాత దర్యాప్తులో తేల్చారు. 1991లో విప్పబోతే అది పూర్తిగా తెరుచుకోలేదు. సెకనుకు 134 కిలోబిట్లు పంపవలసిన నౌక, చిన్న అంటెన్నాతో, ఎంత మెరుగుపరిచినా 160 బిట్లకు మించి పంపలేకపోయింది. కొత్త ప్రోగ్రాములు, టేపు రికార్డరు సాయంతో అది ఉద్దేశాల్లో చాలా భాగం నెరవేర్చింది. గురు ఉపగ్రహమైన యూరోపా మంచు పొర కింద ఉప్పునీటి సముద్రం ఉందనడానికి బలమైన ఆధారమిచ్చింది మార్గరెట్ కివెల్సన్ బృందపు అయస్కాంత కొలతలే. ఆ సముద్రాన్ని కలుషితం చేయకూడదనే 2003లో నౌకను గురుగ్రహంలో పడవేశారు.

1997లో శని వైపు బయలుదేరిన కసీనీ నౌకలో ఒక లోపం, అది దారిలో ఉండగా బయటపడింది. దాని మీద శని ఉపగ్రహమైన టైటాన్ మీద దిగవలసిన ఐరోపా నౌక హైగెన్స్ ఉంది. ఐరోపా అంతరిక్ష సంస్థ ఇంజనీరు బోరిస్ స్మెడ్స్ పట్టుబట్టి 2000లో ఒక పరీక్ష జరిపించాడు. దిగే నౌక వేగం వల్ల సంకేతాల లయ మారితే కసీనీ రిసీవర్ దాన్ని అందుకోలేదని అప్పుడు బయటపడింది. ఆ పరీక్ష జరగకపోతే టైటాన్ సమాచారం చాలా వరకు గాలిలో కలిసిపోయేది. కసీనీ దారిని మార్చి ఆ వేగపు తేడాను తగ్గించారు. 2005 జనవరి 14న హైగెన్స్ క్షేమంగా దిగింది. ఇన్ని ఆలస్యాల మధ్య న్యూ హొరైజన్స్ ఒక మినహాయింపు: 2001 చివర ఎంపికై, 2006 జనవరి 19న ఎగిరి, 2015 జూలై 14న ప్లూటోను పలకరించింది.

ఈ నౌకలన్నిటికీ ఊపిరి ప్లుటోనియం-238. ఎందుకంటే గురుగ్రహం దగ్గర సూర్యకాంతి భూమి మీద పడేదానిలో ఇరవై అయిదో వంతు మాత్రమే. అణ్వాయుధ కర్మాగారాలతో ముడిపడిన ఆ ఇంధన ఉత్పత్తి అమెరికాలో 1988లో ఆగిపోయింది. ఓక్ రిడ్జ్‌లో మొదటి 50 గ్రాములు తిరిగి తయారైంది 2015లో. ఆ కొరత నడుమ, పెద్ద సౌర ఫలకాలతో జూనో 2011లో ఎగిరి, టైటానియం పెట్టెలో పరికరాలను దాచుకుని, గురుగ్రహం దగ్గర ఎండతోనే బతకవచ్చని నిరూపించింది. యూరోపాను పరిశీలించే నౌక యూరోపా క్లిప్పర్ అదే దారి పట్టింది: ముప్పై మీటర్లకు పైగా విస్తరించే ఫలకాలు, లోహపు కోటలో ఎలక్ట్రానిక్స్. ప్రయోగానికి కొన్ని నెలల ముందు దాని ట్రాన్సిస్టర్లు రేడియేషన్‌కు తట్టుకోవేమోనన్న అనుమానం తలెత్తింది. పయొనీర్ తెచ్చిన తొలి హెచ్చరికకు ఏభై ఏళ్లు నిండిన వేళ, ప్రశ్న అదే. యూరోపా పక్కగా దూసుకుపోయిన ప్రతిసారీ తీవ్ర రేడియేషన్ నుంచి బయటికి వచ్చే విరామంలో అవి కొంత కోలుకుంటాయని పరీక్షల్లో తేలాకనే అనుమతి దొరికింది. 2024 అక్టోబరు 14న అది బయలుదేరింది, 2030లో చేరాలి.

ఇప్పుడు టైటాన్ మీద ఎగిరే రోటర్ నౌక డ్రాగన్‌ఫ్లై 2028 ప్రయోగానికి సిద్ధమవుతోంది. యురేనస్‌కు నౌక పంపాలన్నది 2022లో అమెరికా శాస్త్రవేత్తలు ఇచ్చిన మొదటి ప్రాధాన్యం. 1986లో వాయేజర్ వెళ్లినప్పుడు ఆ గ్రహపు ఉపగ్రహాల ఉత్తర భాగాలు చీకట్లో ఉన్నాయి. అవి వెలుగులో ఉండగానే చూడాలంటే 2050లోపు చేరాలి. అంటే ఆ నౌక గీతలు ఇప్పటికే బల్ల మీద ఉండాలి.