బస్సు దారుల వ్యాజ్యము

ఏటా 550 మిల్లీమీటర్లకు అటునిటుగా మాత్రమే వాన కురియు అనంతపురము సీమలో, వేరుసెనగ ఎండిన యేట మూటాముల్లె సర్దుకొని కదిరిలో బెంగుళూరు బస్సెక్కు కుటుంబములకు ఆ బస్సే కూలి దొరకు చోటికి దారి. అట్టి దారులపై అధికారమెవరిదన్న వివాదము ఈ జిల్లా బిడ్డయైన ముఖ్యమంత్రి పదవినే బలిగొన్నదని నేటివారిలో ఎందరెరుగుదురు?

1939 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము పర్మిట్లు పొంది ప్రైవేటు యజమానులు బండ్లు నడుపుచుండిరి. అభ్యంతరములు విన్న పిమ్మట దారులను జాతీయము చేయు అధికారమును 1956 నాటి సవరణ ప్రభుత్వమునకొసగెను. 1958 జనవరి 11న ఆర్టీసీ అవతరించెను. కృష్ణా జిల్లా దారుల జాతీయకరణ పథకముపై గుల్లపల్లి నాగేశ్వరరావు మున్నగు బస్సు యజమానులు సుప్రీంకోర్టు కెక్కగా, రవాణా శాఖ కార్యదర్శి వినుటయు, ముఖ్యమంత్రి తీర్పుచెప్పుటయు న్యాయము కాదని ఆ యేటనే ధర్మాసనము దానిని కొట్టివేసెను.

అంతకంటె గట్టి దెబ్బ కర్నూలు వ్యాజ్యమున తగిలినది. రాజకీయ ప్రత్యర్థులను దెబ్బతీయుటకే ముఖ్యమంత్రి జాతీయకరణ వరుసలో ఆ జిల్లాను ముందుకు తెప్పించెనని యజమానులు ఆరోపింపగా, దానిని కాదనుచు ఆయన ప్రమాణపత్రమైనను దాఖలు చేయలేదు. ఖండింపబడని ఆరోపణను నమ్మదగినదిగా గైకొని 1964 జనవరిలో న్యాయస్థానము పథకమును రద్దుచేసెను. ఈ జిల్లా ఇల్లూరున జన్మించిన ఆ ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి మరుసటి నెలలోనే పదవిని త్యజించెను. కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి యయ్యెను.

జాతీయకరణమే తప్పని నేననను. లాభము లేని పల్లెకు ప్రైవేటు యజమాని బండి తోలునా? ఐనను బస్సు నడుపువారే అభ్యంతరములపై తీర్పరులు కారాదన్న పాఠము నేటికిని వర్తించును.

కండక్టరు చేతిలోని టిక్కెట్ల కట్ట పోయి టిక్కెట్లిచ్చు టిమ్ యంత్రము వచ్చినది. దూరప్రయాణపు సీటు ఫోనులోనే దొరకుచున్నది. 2020 జనవరి 1న ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వోద్యోగులై, బస్సు నడుపుటయు దానిని శాసించుటయు మునుపటికంటె దగ్గరైనవి. ఏ దారిలో ఎందరెక్కిరో, ఎంత వసూలైనదో యంత్రము లెక్కగట్టును. ఆ లెక్క చూపియే ఒక పల్లెకు సర్వీసు నిలుపవచ్చును. కనుక ఆ లెక్కను అడిగిన పల్లెవారి ముందుంచవలెను. వారి అభ్యంతరము విను అధికారి బస్సులు నడుపు శాఖకు వెలుపలివాడై యుండవలెను. ఈ రెంటిని శాసనసభ చట్టమున చేర్చవలెనని కోరుచున్నాను.